షేర్‌కు ఐదు శాతం గ్యారంటీ, కూలీకి మేస్త్రి మాట: భోర్ ఘాట్ రైలు దారి కట్టినవాళ్ళ గురించి

అందరికీ నమస్కారం. వెనక వరుసల వాళ్ళకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ముంబై నుంచి హైదరాబాద్ వచ్చే రైలు ఎక్కినవాళ్ళు ఈ హాల్లో చాలామందే ఉంటారు. కర్జత్‌లో రైలు ఆగుతుంది, వెనక అదనపు ఇంజన్లు తగిలిస్తారు, అవి నెట్టుకుంటూ లోనావాలా దాకా ఎక్కిస్తాయి. చాలాసార్లు అప్పటికి మనం నిద్రలో ఉంటాం, మెలకువగా ఉంటే సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వానాకాలమైతే జలపాతాలకి ఫోటోలు తీస్తుంటాం. ఆ కొండే భోర్ ఘాట్. 1856లో పని మొదలుపెట్టి 1863 ఏప్రిల్ 21న రైళ్ళకి తెరిచారు. దాదాపు పాతిక కిలోమీటర్ల దారి, 1,831 అడుగుల ఎత్తు ఎక్కాలి, 25 సొరంగాలు, 8 పెద్ద వంతెనలు, ఎనభై దాకా కల్వర్టులు. కొన్నిచోట్ల ప్రతి 37 అడుగులకి ఒక అడుగు చొప్పున ఎక్కుతుంది, రైలుకి అది మామూలు వాలు కాదు. తర్వాత కాలంలో దారిని కొంత మార్చారు, కొత్త సొరంగాలు వచ్చాయి, కానీ కొండ అదే, రాయి అదే.

నేను ఈరోజు ఇంజనీరింగ్ గురించి మాట్లాడను. దాని మీద బోలెడంత రాశారు, ఆ ఇంజనీర్లు కూడా తమ గురించి తామే బాగా రాసుకున్నారు. నేను మాట్లాడేది గ్యారంటీ గురించి. ఎవరికి గ్యారంటీ ఉంది, ఎవరికి లేదు అన్న ఒక్క ప్రశ్న పట్టుకుంటే ఆ కొండ మీద జరిగిందంతా అర్థమవుతుంది.

1849 ఆగస్టులో ఈస్టిండియా కంపెనీకీ, గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే కంపెనీకీ ఒప్పందం కుదిరింది. లండన్‌లో షేర్లు కొన్నవాళ్ళు పెట్టిన డబ్బు మీద ఏటా ఐదు శాతం వస్తుంది. రైలు నడిచినా సరే, నడవకపోయినా సరే, నష్టమొచ్చినా సరే. రైల్వే అంత సంపాదించలేకపోతే తగ్గిన మొత్తం ఇక్కడి రెవెన్యూ నుంచి, అంటే మన తాతముత్తాతలు కట్టిన శిస్తు నుంచి ఇస్తారు. భూమి ఉచితం. ఇంత నిశ్చింతైన వ్యాపారం నాకు తెలిసి ఇంకోటి లేదు, ఇవాళ ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసినవాడికి కూడా కొంచెం టెన్షన్ ఉంటుంది, వాళ్ళకి అదీ లేదు. ఆ ధైర్యంతోనే 1853 ఏప్రిల్ 16న బోరీ బందర్ నుంచి ఠాణేకి మొదటి రైలు నడిచింది. 14 పెట్టెలు, 400 మంది అతిథులు, ఫిరంగులు పేల్చి వీడ్కోలు చెప్పడం, ఇదంతా మనం స్కూల్లోనే చదువుకున్నాం.

ఆ తర్వాత కొండ అడ్డొచ్చింది. ఇటు కింద ఖోపోలి దాకా పట్టాలు వచ్చేశాయి, అటు పైన ఖండాలా నుంచి పుణె దాకా 1858లో వచ్చేశాయి, మధ్యలో కొండ మాత్రం అలాగే ఉంది. కొన్నేళ్ళపాటు ప్రయాణికులు రైలు దిగి పల్లకీలో, గుర్రం మీద, ఎద్దుబండిలో ఘాట్ ఎక్కి మళ్ళీ రైలెక్కేవారు. ఆ ఖాళీ నింపడానికి గుత్త తీసుకున్నది ఫావియెల్ అనే ఇంగ్లీషు కాంట్రాక్టరు, బొంబాయి-ఠాణే లైను పనిలో అనుభవం ఉన్నవాడే. మొదట్లో పదివేల మంది కూలీలు. పోనుపోను పెరిగి 1861 నాటికి 42 వేల మంది పైనే అయ్యారు. ఒక్క కొండ మీద, పాతిక కిలోమీటర్లలో, నలభై రెండు వేల మంది! మగవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు. అప్పట్లో మన ప్రాంతంలో అంత జనాభా ఉన్న పట్టణాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

వీళ్ళంతా ఎక్కడివాళ్ళు? కొంకణం నుంచి, దక్కను పల్లెల నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. వాళ్ళతోపాటు మనకి బాగా తెలిసినవాళ్ళు కూడా ఉన్నారు, వడ్డెరలు. బ్రిటిష్ రికార్డుల్లో రకరకాల స్పెల్లింగులతో కనిపిస్తారు కానీ మనిషి ఒకడే: గడ్డపార, పార, సమ్మెట, గాడిదలు, భార్యాబిడ్డలు, పని ఉన్న చోటికల్లా కదిలిపోయే కుటుంబం. చెరువులు తవ్వింది వీళ్ళే, కోటలకి రాళ్ళు కొట్టింది వీళ్ళే, రైలు వచ్చాక దేశమంతా కట్టలు పోసిందీ వీళ్ళే. మహారాష్ట్రలో ఇవాళ్టికీ వడార్ కుటుంబాలు ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు యాసే, ఎన్ని తరాలైందో వాళ్ళకే తెలియదు. అప్పటి ఇంజనీర్లు వీళ్ళ మట్టి పనిని మెచ్చుకుంటూనే, తిండి గురించీ తాగుడు గురించీ ఎగతాళిగా రాశారు. మెచ్చుకోలు ఎప్పుడూ పని పూర్తయ్యేదాకానే కదా. అదే ప్రభుత్వం తర్వాతి కాలంలో వడ్డెరల్లోనే కొన్ని గుంపుల్ని నేరస్థ తెగల జాబితాలోకి ఎక్కించింది. పని కోసం ఊరూరా తిరుగుతుంటే మంచి కూలీలు, పని లేక తిరుగుతుంటే దొంగలు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. మన కూలీల గురించి తెల్లవాళ్ళు సరదాగా చెప్పుకునే కథ ఒకటుంది: చక్రం ఉన్న తోపుడు బండి ఇస్తే దాన్ని తోయకుండా నిండా మట్టి పోసి నెత్తిన ఎత్తుకున్నారట, ఎంత అమాయకులో అని. ఇప్పటికీ రైల్వే చరిత్ర మీద ఉపన్యాసం అంటే ఎవరో ఒకరు ఇది చెప్పి నవ్విస్తారు. నేను నవ్వను. కాలు పెట్టడానికే చోటు లేని వాలు మీద ఒంటి చక్రం బండిని ఎలా తోస్తారు? తట్ట అయితే మలుపు తిరుగుతుంది, రాళ్ళ మీద నడుస్తుంది, విరిగితే సాయంత్రానికి ఇంకోటి అల్లుకోవచ్చు. పైగా తట్ట ఆడవాళ్ళు మోస్తారు, పదేళ్ళ పిల్ల కూడా మోస్తుంది, అంటే ఇంటిల్లిపాదికీ ఎంతో కొంత కూలి వస్తుంది. తోపుడు బండి అయితే ఒక్కడికే పని. కూలీ లెక్క కూలీకి బాగా తెలుసు, తెలియంది దొరకి.

ఇక పని సంగతి. అది నల్లరాయి, లావా గట్టిపడి ఏర్పడిన రాయి, మన దక్కను అంతా పరుచుకుని ఉన్నదే. డైనమైట్ అప్పటికి లేదు, నోబెల్ దానికి పేటెంట్ తీసుకున్నది 1867లో. అందుకని ఒకడు పొడుగాటి ఇనుప ఉలి పట్టుకోవాలి, ఇంకొకడు సమ్మెటతో కొట్టాలి, కొట్టి కొట్టి బెజ్జం చేసి, అందులో తుపాకి మందు పోసి, కూరి, ఒత్తి పెట్టి, అంటించి పరిగెత్తాలి. కూరేటప్పుడు ఇనుప కడ్డీ రాయికి తగిలి నిప్పురవ్వ లేచిందా, పరిగెత్తే పని కూడా ఉండదు. కొన్ని చోట్ల కొండ గోడలా నిటారుగా ఉండటంతో పైనుంచి తాళ్ళు కట్టి మనుషుల్ని కిందకి దించారు, ఆ తాడు మీద వేలాడుతూనే కొలతలకి గుర్తులు పెట్టాలి, బెజ్జాలు వేయాలి. కింద వందల అడుగుల లోయ. సొరంగం లోపలైతే ఇంకో రకం నరకం, పేలిన తర్వాత పొగ బయటికి పోవడానికి దారి లేదు, కానీ రాళ్ళు మోసేవాళ్ళు పొగ పోయేదాకా ఆగితే ఆరోజు కొలత తగ్గుతుంది, కొలత తగ్గితే కూలి తగ్గుతుంది. అందుకని ఆగరు. ఎవరూ కొరడా పట్టుకుని నిలబడనక్కర్లేదు, కొలతే ఆ పని చేస్తుంది.

బయట పని ఏడాదిలో ఎనిమిది నెలలే సాగేది. జూన్‌లో వాన మొదలైతే అక్కడ మనం ఎరిగిన వాన కాదు, కొండ మొత్తం కారుతుంది. అప్పుడు చాలామంది ఊళ్ళకి వెళ్ళిపోయేవారు, సొరంగాల్లో మాత్రం పని నడిచేది. దాంతో ఏమైందంటే ఏడాది పనంతా ఎండాకాలం లోపల కుక్కాల్సి వచ్చింది. అంత వాన పడే కొండ మీద ఏప్రిల్, మే వచ్చేసరికి చుక్క నీళ్ళుండవు, నల్లరాయి మీద నీళ్ళు నిలవవు. వేల మంది గడ్డి గుడిసెలు వేసుకుని, మరుగుదొడ్డి అనే మాటే లేకుండా, ఉన్న ఒకటి రెండు మడుగుల్లోనే తాగడం, వండుకోవడం, కడుక్కోవడం. మిగతాది మీరే ఊహించగలరు, కలరా వచ్చింది. మన పల్లెల్లో గత్తర అనేవారు, నా చిన్నప్పటి వరకు తిట్టుగా మిగిలింది, "నిన్ను గత్తర తియ్య" అని. కలరా నీళ్ళ వల్ల వస్తుందని లండన్‌లో జాన్ స్నో 1854లోనే చూపించాడు, కానీ చాలామంది డాక్టర్లు నమ్మలేదు, చెడు గాలి వల్ల వస్తుందనే అనుకునేవారు. కాబట్టి తెలిసి చంపారని నేను అనను. కానీ అన్ని వేల మందిని అక్కడికి చేర్చేముందు నీళ్ళ ఏర్పాటు చూడాలని తెలియడానికి డాక్టరు చదువు అక్కర్లేదు, ఊరి జాతరకి కూడా ముందు నీళ్ళే చూస్తారు.

కలరా వస్తే కూలీలు ఏం చేశారు? రాత్రికి రాత్రి మూటలు కట్టుకుని వెళ్ళిపోయారు. కంపెనీ వాళ్ళ రాతల్లో దీన్ని పెద్ద సమస్యగా చెబుతారు, "కూలీలు పారిపోయారు, పని ఆగిపోయింది" అని. నాకైతే ఆ కొండ మీద జరిగిన తెలివైన పని అదొక్కటే అనిపిస్తుంది. యూనియన్ లేదు, కోర్టుకి వెళ్ళే దారి లేదు, కాళ్ళున్నాయి. కాకపోతే వెళ్ళేవాళ్ళు ఆ జబ్బుని కూడా పల్లెలకి మోసుకెళ్ళారు, ఆ చావులు రైల్వే ఖాతాలోకి ఎప్పుడూ రాలేదు.

ఇప్పుడు డబ్బు సంగతికి వద్దాం, ఎందుకంటే అసలు గొడవ అక్కడే. లండన్‌లో కంపెనీ, దాని కింద ఇంగ్లీషు కాంట్రాక్టరు, అతని కింద చిన్న కాంట్రాక్టర్లు, వాళ్ళ కింద మొకద్దములు, అంటే మన భాషలో ముఠా మేస్త్రీలు. మేస్త్రి ఊళ్ళకి వెళ్ళి బయానా ఇచ్చి జనాన్ని తెస్తాడు. కూలి నేరుగా కంపెనీ నుంచి రాదు, ఒక్కో మెట్టు దిగుతూ వస్తుంది, దిగే ప్రతి మెట్టు దగ్గరా కొంత ఆగిపోతుంది. మట్టి పనికి కొలత ఎలాగంటే, తవ్విన గుంట మధ్యలో ఒక దిబ్బని తవ్వకుండా వదిలేస్తారు, దాని ఎత్తు చూసి ఎంత లోతు తవ్వారో లెక్క వేస్తారు. ఆ దిబ్బ పైభాగం కొంచెం చెక్కితే లోతు తగ్గినట్టు, మీద కొంచెం మట్టి పేరిస్తే లోతు పెరిగినట్టు. రెండు వైపులా ఈ ఆటలు ఆడారు, కూలీలు ఏమీ తెలియని దేవతలని నేను చెప్పను. తేడా ఏంటంటే టేపు పట్టుకున్నవాడు, పుస్తకంలో రాసుకునేవాడు, డబ్బు ఇచ్చేవాడు అందరూ ఒకే పక్షం.

ఎగువన ఐదు శాతం ఆరు నెలలకోసారి ఠంచనుగా వెళుతోంది. దిగువన వారాల తరబడి కూలి బాకీ. 1859 జనవరిలో, కర్జత్ దగ్గర, ఇది బద్దలైంది. బాకీ కూలి అడిగిన కూలీలు తిరగబడ్డారు, యూరోపియన్ సూపర్‌వైజర్ల మీద దాడి చేశారు. 1857 జరిగి ఇంకా రెండేళ్ళు కాలేదు, వేల మంది నల్లవాళ్ళు గడ్డపారలు పట్టుకుని లేచారంటే బొంబాయి ప్రభుత్వానికి చెమటలు పట్టి ఉంటాయి. విచారణ చేయించారు. తేలింది ఏంటంటే కూలీల మాటే నిజం, కూలి బాకీలు ఉన్నాయి, కొలతల్లో మోసం ఉంది. ఇది కూలీల నాయకుడు అన్న మాట కాదు, సర్కారు విచారణలోనే బయటపడ్డ సంగతి. రెండు నెలలకి, మార్చిలో, ఫావియెల్ గుత్త వదులుకుని వెళ్ళిపోయాడు. అతనికి వదులుకునే వీలుంది, చూశారా.

సరే, విచారణ ఫలితంగా చట్టం వచ్చింది, 1860లో తొమ్మిదో చట్టం. రైల్వే, కాలువల్లాంటి పెద్ద పనుల్లో కూలి తగాదాలని మేజిస్ట్రేటు త్వరగా తేల్చాలి. వినడానికి బాగుంది, నిజంగా కొంత మేలు కూడా జరిగింది, బాకీ ఇప్పించమని అడగడానికి ఒక చోటంటూ ఏర్పడింది. కానీ ఆ చట్టంలోనే రెండో వైపు ఉంది. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే ఆ డబ్బు కట్టమంటారు. కూలీ ఒప్పుకున్న పని మధ్యలో వదిలేస్తే జరిమానా, జైలు. దానికి ఒక ఏడాది ముందే, 1859లో, పదమూడో చట్టం తెచ్చారు, బయానా తీసుకుని పని ఎగ్గొట్టిన కూలీ నేరస్థుడు. అది 1920ల దాకా పుస్తకాల్లో ఉంది. అంటే డబ్బున్నవాడు మాట తప్పితే అది బాకీ, లేనివాడు మాట తప్పితే అది నేరం. ఇందాక చెప్పానే, కలరా వస్తే వెళ్ళిపోవడం ఒక్కటే వాళ్ళ చేతిలో ఉన్న ఆయుధమని, చట్టం సరిగ్గా ఆ కాళ్ళకే అడ్డం పడింది.

ఫావియెల్ తర్వాత గుత్త సాలమన్ ట్రెడ్‌వెల్‌కి ఇచ్చారు. అతను 1859 సెప్టెంబర్‌లో బొంబాయిలో దిగాడు, రోజుల్లోనే జబ్బు చేసి చనిపోయాడు. అతని భార్య ఆలిస్, ముక్కూ మొహం తెలియని దేశంలో, ఆ గుత్తని తన పేరు మీదే కొనసాగించింది, ఇద్దరు ఇంజనీర్లని పెట్టుకుని పని పూర్తి చేయించింది. ఇవాళ ఇంటర్నెట్‌లో భోర్ ఘాట్ అని కొడితే ఆమె కథే ముందు వస్తుంది. అందులో తప్పేం లేదు, నిజంగా గట్టి మనిషి. నన్ను వదలని విషయం వేరే: అదే ఏడాది, అలాంటి నీళ్ళే తాగి, అలాంటి జబ్బులతోనే భర్తలు పోయిన ఆడవాళ్ళు ఆ గుడిసెల్లో ఎంతమంది ఉండి ఉంటారు? వాళ్ళు కూడా మర్నాడు తట్ట ఎత్తుకుని పనిలోకి వెళ్ళే ఉంటారు, పిల్లలకి తిండి పెట్టాలి కదా. ఒక్కరి పేరు కూడా మనకి రాలేదు. పదహారు లక్షల క్యూబిక్ గజాలకి పైగా కొండ తవ్వామని లెక్క ఉంది, ఏ సొరంగం ఎన్ని గజాలో ఉంది, ఏ వంతెనకి ఎన్ని కమానులో ఉంది. లెక్కలు రాయడం రానివాళ్ళు కాదు కంపెనీ వాళ్ళు. కూలీల పేర్లు రాయాలనిపించలేదు. దీన్ని కట్టించిన చీఫ్ ఇంజనీరు జేమ్స్ బర్క్‌లీ కూడా ఆరోగ్యం పాడై 1862లో, రైలు ఘాట్ ఎక్కకముందే ఇంగ్లండ్‌లో చనిపోయాడు, ఆయన గురించి సంతాప వ్యాసాలున్నాయి.

ఇంత చేసి కట్టింది గట్టిగా ఉందా అంటే, 1867లో మహూకీమలీ అనే చోట పెద్ద వంతెన ఒకటి కూలిపోయింది. తెరిచిన నాలుగేళ్ళకే. రాతి పని నాసిరకం అని గోల అయింది. కొలతకి కూలి, తొందర, మెట్టు మెట్టుకీ కోత, ఇవన్నీ కలిస్తే చివరికి రాయి కూడా నిలబడదు.

ఇదంతా ఎక్కడో మహారాష్ట్ర సంగతి అనుకోకండి. బొంబాయి లైను, మద్రాసు లైను 1871లో రాయచూర్ దగ్గర కలిశాయి, మద్రాసు నుంచి వచ్చే ఆ లైను మన కడప, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగానే వచ్చింది. 1874లో వాడి జంక్షన్ నుంచి హైదరాబాద్‌కి రైలొచ్చింది. 1883లో వచ్చిన కంపెనీ పేరు చూడండి, నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. గ్యారంటీ అన్నమాట పేరులోనే పెట్టేసుకున్నారు! మళ్ళీ అదే ఐదు శాతం, ఈసారి నిజాం ఖజానా నుంచి. చాందా (ఇప్పటి చంద్రపూర్) దాకా లైను వేసే ఆ ఒప్పందంలో అసలు ఏముందో జనానికి చెప్పండని హైదరాబాద్‌లో కొందరు గట్టిగా అడిగారు, వాళ్ళలో అఘోరనాథ్ చటోపాధ్యాయ ఒకరు, సరోజినీ నాయుడు గారి తండ్రి. ప్రశ్న అడిగినందుకు ఆయన్ని ఊరు నుంచి వెళ్ళగొట్టారు. ఒక ప్రొఫెసర్ అడిగితేనే ఆ గతి, తట్ట మోసేవాడు అడిగితే ఏమయ్యేదో వేరే చెప్పక్కర్లేదు.

ఆ మేస్త్రి పద్ధతి మాత్రం రైలుతోపాటు పోలేదు. పాలమూరు నుంచి వచ్చినవాళ్ళెవరైనా ఉంటే గుంపు మేస్త్రి అంటే ఏంటో నాకంటే బాగా చెప్పగలరు. పెళ్ళికో, బోరుకో, వైద్యానికో అప్పు కావాలి, మేస్త్రి అడ్వాన్సు ఇస్తాడు, దానికి బదులుగా కుటుంబం మొత్తం ఏ రాష్ట్రంలోనో ఒక డ్యాం దగ్గర నెలల తరబడి పనిచేస్తుంది, లెక్క మేస్త్రి దగ్గరే ఉంటుంది. దేశంలో పాలమూరు కూలీ చెయ్యి పడని పెద్ద డ్యాం లేదని గర్వంగా చెప్పుకుంటాం, గర్వపడాల్సింది మేస్త్రి పద్ధతి గురించి మాత్రం కాదు. వలస కూలీలకి రక్షణగా 1979లో కేంద్రం చట్టం చేసింది: కాంట్రాక్టరు లైసెన్స్ తీసుకోవాలి, పాస్‌బుక్ ఇవ్వాలి, ఊరు వదిలినందుకు నెల జీతంలో సగమో 75 రూపాయలో, ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి అని అందులో ఉండేది, 2025లో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. పాస్‌బుక్ అందుకున్న వలస కూలీ ఒక్కరు కూడా ఇంతవరకు నాకు ఎదురుపడలేదు. ఇవాళ మన ఇటుక బట్టీల్లో ఒడిశా కుటుంబాలు ఉంటున్నాయి, అడ్వాన్సు అదే, మేస్త్రి పేరు సర్దార్. అంటే ఒకప్పుడు కూలీలని పంపిన ప్రాంతం ఇప్పుడు తెచ్చుకుంటోంది, అంతే తేడా.

నేను ఇక్కడితో ఆపుతాను, టైమ్ కూడా దాటిపోయింది. ప్రశ్నలుంటే అడగండి. అంతకంటే ముందు, వడ్డెర కుటుంబాల నుంచో, పాలమూరు నుంచో వచ్చినవాళ్ళు ఉంటే దయచేసి మీరు మాట్లాడండి, మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు మట్టి కొలతల గురించి, మేస్త్రి లెక్కల గురించి ఏం చెప్పేవారో. మైకు అటు పంపించండి, నేను కూర్చుని రాసుకుంటాను.